ఫ్రీమాంట్: ఐదు ఊళ్ళు కలిసిన ఒక నగరం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కూతురో కొడుకో ఫ్రీమాంట్‌లో ఇల్లు తీసుకున్నారనగానే ఇండియాలో పెద్దవాళ్ళు అడిగే ప్రశ్నలూ, కొత్త ఉద్యోగం మీద ఇక్కడ దిగబోయే కుర్రాళ్ళు అడిగేవీ దాదాపు ఒకటే. వాటికి జవాబులు ఒకచోట పెట్టాను. వీసాలు, అద్దెల సంగతి ఇందులో ఉండదు. ఊరి సంగతే.

ఫ్రీమాంట్ ఎక్కడుంది? శాన్ ఫ్రాన్సిస్కో పక్కనేనా?

పక్కనే అని చెప్పేవాళ్ళు ఆ దారిలో సాయంత్రం ఐదింటికి కారు నడిపి ఉండరు. ఫ్రీమాంట్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో సుమారు 40 మైళ్ళు. కాలిఫోర్నియాలో శాన్ ఫ్రాన్సిస్కో అఖాతానికి తూర్పు ఒడ్డున, దక్షిణపు కొసకి దగ్గరగా, అలమీడా కౌంటీలో ఉందీ ఊరు. దక్షిణాన మిల్పిటస్, దాన్ని దాటితే శాన్ హోసే. ఉత్తరాన యూనియన్ సిటీ, హేవర్డ్. పడమర డంబార్టన్ వంతెన దాటితే మెన్లో పార్క్, పాలో ఆల్టో. తూర్పున గోడ కట్టినట్టు కొండలు.

2020 జనాభా లెక్కల్లో 2,30,504 మంది. అఖాతం చుట్టూ ఉన్న ప్రాంతాన్ని బే ఏరియా అంటారు. అందులో శాన్ హోసే, శాన్ ఫ్రాన్సిస్కో, ఓక్లండ్ తర్వాత నాలుగో పెద్ద నగరం ఇదే. 2011 నాటి ఏలూరు జనాభా కూడా రెండు లక్షల పైచిలుకే. అయితే ఇక్కడ ఆ జనం దాదాపు 200 చదరపు కిలోమీటర్ల నేల మీద పరుచుకుని ఉన్నారు. అందులోనూ కొండలకీ ఉప్పు మడులకీ చిత్తడి నేలకీ పోగా మిగిలిన చోటే ఇళ్ళు.

సిలికాన్ వ్యాలీలో ఉన్నట్టా లేనట్టా అని కొందరు పట్టుబట్టి అడుగుతారు. మ్యాపు ప్రకారం ఇది ఈస్ట్ బే, అంటే అఖాతపు తూర్పు ఒడ్డు. బతుకుతెరువు ప్రకారం సిలికాన్ వ్యాలీ.

ఊరంతా తిరిగాం, డౌన్‌టౌన్ కనబడలేదు. ఎక్కడుంది?

ఏ ఊరి డౌన్‌టౌన్ కావాలని పాతకాపులు ఎదురు అడుగుతారు. ఈ ప్రశ్నకి జవాబు తెలిస్తే ఫ్రీమాంట్ సగం అర్థమైనట్టే.

1956 దాకా ఇక్కడ ఫ్రీమాంట్ అనే ఊరే లేదు. సెంటర్‌విల్, నైల్స్, ఇర్వింగ్టన్, మిషన్ శాన్ హోసే, వార్మ్ స్ప్రింగ్స్ అని ఐదు చిన్న ఊళ్ళు, వాటి మధ్య తోటలు, పొలాలు. ప్రతి ఊరికీ తన బజారు, తన చర్చి, తన గొడవలు. ఐదూ కలిసి నగరమయ్యాయి కాబట్టి ఏ ఒక్క ఊరి బజారుకీ పెద్దరికం ఇవ్వడం కుదరలేదు. కొత్త కేంద్రాన్ని మధ్యలో ఉన్న పొలాల్లో వేశారు. షాపింగ్ సెంటర్లు, ఆసుపత్రులు, బార్ట్ (బే ఏరియా ఊళ్ళను కలిపే లోకల్ రైలు) స్టేషను, సెంట్రల్ పార్కు అక్కడే వచ్చాయి. అదంతా కార్ల కాలం నాటి ప్లాను. విశాలమైన రోడ్లు, విశాలమైన పార్కింగు, నడిచేవాడికి మాత్రం దిక్కు లేదు. ఇప్పుడు క్యాపిటల్ అవెన్యూ చుట్టూ డౌన్‌టౌన్ అన్న పేరుతో అపార్ట్‌మెంట్లు, దుకాణాలు, వేడుకల హాలు కట్టారు. ఎండ తగ్గాక కాస్త సందడి ఉంటోంది. అయినా నాకు బజారు చూడాలనిపిస్తే నైల్స్‌కే పోతాను.

ఐదు ఊళ్ళు ఎందుకు కలిశాయి? న్యూఅర్క్ ఎందుకు కలవలేదు?

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బే ఏరియాలో ఇళ్ళ నిర్మాణం ఊపందుకుంది. మునిసిపాలిటీగా నమోదు కాని ఊళ్ళ మీద పెత్తనం కౌంటీది. పక్కనున్న నగరం వచ్చి పొలాలను ముక్కలు ముక్కలుగా తనలో కలిపేసుకున్నా ఆపే శక్తి ఆ ఊళ్ళకి ఉండదు. హేవర్డ్ కిందికి, శాన్ హోసే పైకి పెరుగుతూ వస్తున్నాయి. తమ నేల మీద ఏం కట్టాలో తామే తేల్చుకోవాలంటే కలవక తప్పదని ఐదు ఊళ్ళ పెద్దలూ లెక్క వేసుకున్నారు. అలా 1956 జనవరి 23న ఫ్రీమాంట్ నగరం పుట్టింది. కలిపే పనిని నడిపించిన ఇర్వింగ్టన్ వాసి వాలీ పాండ్ మొదటి మేయరయ్యాడు. ఆయన వృత్తి మందుల దుకాణం.

ఈ పొత్తుకి పక్కనే ఉన్న న్యూఅర్క్ రానంది. కలిస్తే ఫ్యాక్టరీలన్నీ తెచ్చి తమ వైపు పెడతారని అక్కడివాళ్ళు అనుమానపడ్డారంటారు. ఫ్రీమాంట్ కన్నా ముందే, 1955 సెప్టెంబరులో, సొంతంగా నగరమైపోయింది. అందుకే మ్యాపులో ఫ్రీమాంట్ మధ్యలో న్యూఅర్క్ ఇరుక్కుని కనబడుతుంది. కొత్తవాళ్ళు రోడ్డు దాటుతూ ఊరు మారామని గమనించరు కూడా.

కలిశాక పెరిగిన వేగం చూడండి: 1960లో 43,790 మంది, 1970కి లక్ష దాటారు, 2000కి రెండు లక్షలు. ఆప్రికాట్, చెర్రీ తోటలు, కాలీఫ్లవర్ పొలాలు ఆ వేగంలోనే ఇళ్ళ స్థలాలయ్యాయి. కొండలు మాత్రం మిగిలాయి. వాటి మీద కట్టడాలకు కళ్ళెం వేస్తూ 1981లో ఒకసారి, 2002లో మరోసారి ఓటర్లే చట్టాలు చేసుకున్నారు. లేకపోతే ఈపాటికి అక్కడా మూడంతస్తుల బంగళాలు వెలిసేవి.

ఫ్రీమాంట్ అన్న పేరు ఎవరిది?

జాన్ సి. ఫ్రీమాంట్ అనే సైనికాధికారిది. పశ్చిమ అమెరికాను సర్వే చేసిన అన్వేషకుడు, కాలిఫోర్నియా తొలి సెనేటర్లలో ఒకడు, 1856లో రిపబ్లికన్ పార్టీ నిలబెట్టిన మొట్టమొదటి అధ్యక్ష అభ్యర్థి. ఓడిపోయాడు. ఈ ఊరికి ఆయన కట్టిపెట్టిందేమీ లేదు. ఇక్కడి కొండ దారిగుండా వెళ్ళాడు, అంతే. ఐదు ఊళ్ళలో ఏ ఒక్కదాని పేరు పెట్టినా మిగతా నాలుగూ అలుగుతాయి, బయటి పేరైతే తంటా ఉండదు.

1846లో శాక్రమెంటో నది ఒడ్డున ఆయన దళం ఆదివాసులను ఊచకోత కోసింది. ఊరు పేరు గురించి మాట్లాడేటప్పుడు ఈ మాట కూడా చెప్పాలి.

నగరం కాకముందు ఇక్కడ ఎవరుండేవారు?

ఒలోనీ ప్రజలు, వేల ఏళ్ళుగా. అఖాతం ఒడ్డున కయోటీ హిల్స్ దగ్గర వాళ్ళు తిని పారేసిన ఆల్చిప్పలు దిబ్బలై నిలిచాయి. ఆ దిబ్బల్లోనే తమవాళ్ళను పూడ్చుకున్నారు కూడా. ఓక్ కాయల పిండి, చేపలు, బాతులు, తుంగతో కట్టిన పడవలు వాళ్ళ జీవితం.

1797 జూన్ 11న స్పెయిన్ పాద్రి ఫెర్మీన్ లాస్వేన్ ఇక్కడ మిషన్ శాన్ హోసేను స్థాపించాడు. కాలిఫోర్నియాలోని 21 మిషన్లలో ఇది పద్నాలుగోది. పేరులో శాన్ హోసే ఉన్నా శాన్ హోసే నగరానికీ దీనికీ మధ్య పదిహేను మైళ్ళు. మిషన్ అనగానే చర్చి ఒక్కటే గుర్తొస్తుంది గానీ అది పెద్ద వ్యవసాయ క్షేత్రం. గోధుమ, ద్రాక్ష, ఆలివ్, వేల పశువులు, తోళ్ళ వ్యాపారం. చాకిరీ ఆదివాసులది. బాప్తిస్మం తీసుకున్నవాడు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతే సైనికులు వెళ్ళి పట్టుకొచ్చేవారు. తట్టు, మశూచి లాంటి జబ్బులు వేల మందిని తీసుకుపోయాయి. ఒలోనీలు తగ్గిపోయేకొద్దీ లోపలి లోయల నుంచి యోకుట్స్ తెగవాళ్ళను తీసుకొచ్చారు.

ఆ వచ్చినవాళ్ళలో ఒకడు ఎస్తానిస్లావ్. మిషన్‌లో చదువు, స్పానిష్ నేర్చుకున్నాడు. తోటి ఆదివాసుల మీద పెద్దగా నియమితుడయ్యాడు. 1820ల చివర్లో మిషన్ వదిలి వెళ్ళి మళ్ళీ రానన్నాడు. వందల మంది అతని వెంట నిలబడ్డారు. అప్పటికి కాలిఫోర్నియా స్పెయిన్ చేతిలోంచి మెక్సికో చేతిలోకి వచ్చింది. మెక్సికో సేనలు వచ్చిన మొదటి దఫాలు ఓడి వెనక్కి పోయాయి. 1829లో మరియానో వయేహో ఫిరంగితో వచ్చాడు. తిరుగుబాటు అణిగాక ఎస్తానిస్లావ్ మిషన్‌కి తిరిగి వచ్చాడు, క్షమాభిక్ష దొరికింది. కాలిఫోర్నియాలోని స్టానిస్లాస్ నదికీ, ఆ జిల్లాకీ అతని పేరే. ఫ్రీమాంట్‌లో మాత్రం మ్యూజియం చూసినవాళ్ళకి తప్ప అతను పెద్దగా తెలియదు. ఈ ఊరి చరిత్రలో ఒక్క మనిషి కథే చెప్పమంటే ఇక్కడ సినిమాలు తీసిన చార్లీ చాప్లిన్‌ని వదిలి నేను ఇతని కథే చెబుతాను.

1830ల్లో మెక్సికో ప్రభుత్వం మిషన్లను రద్దు చేసింది. భూమి ఆదివాసులకి దక్కాలన్నది కాగితం మీది మాట. దక్కింది పలుకుబడి ఉన్న కుటుంబాలకి. ఇప్పుడు మిషన్ బులవార్డ్ మీద కనబడే తెల్లని చర్చి 1985లో పూర్తయిన నకలు. 1809 నాటి అసలు కట్టడం 1868 భూకంపంలో పోయింది. పక్కనున్న పాద్రుల వసతి భాగం కొంత పాతదే, అందులోనే మ్యూజియం. కాస్త దూరంలో వాషింగ్టన్ బులవార్డ్ మీద ఒలోనీల శ్మశానం ఉంది. వెళ్ళేవాళ్ళు తక్కువ.

ఆ తర్వాత? బంగారం వేట ఇక్కడా సాగిందా?

బంగారం ఇక్కడ దొరకలేదు. దొరికే చోటికి పోయేవాళ్ళు దారిలో మిషన్ దగ్గర ఆగి పిండి, గడ్డపారలు, గుర్రాలు కొనుక్కునేవారు. సొమ్ము చేసుకున్నది దుకాణదారులు. తెలివైనవాళ్ళు తొందరగానే గనులు వదిలి వచ్చి ఇక్కడి నల్లరేగడి లాంటి నేల కొన్నారు. ఆర్డెన్‌వుడ్ తోట యజమాని జార్జ్ ప్యాటర్సన్ అలాంటివాడే. తర్వాతి తరాల్లో అజోర్స్ దీవుల పోర్చుగీసువాళ్ళు, జపాన్ రైతులు ఈ నేలను సాగు చేశారు. 1942లో ప్రభుత్వం జపాన్ సంతతివాళ్ళను నిర్బంధ శిబిరాలకు తరలించినప్పుడు ఇక్కడి కుటుంబాలూ పొలాలు వదిలిపెట్టి పోవలసి వచ్చింది.

1869లో రైలు వచ్చింది. తూర్పు నుంచి బయలుదేరిన ఖండాంతర రైలు మార్గం శాక్రమెంటో నుంచి అఖాతం చేరడానికి నైల్స్ లోయగుండా దారి చేసుకుంది. ఆ లోయలో రాళ్ళు పగలగొట్టింది ఎక్కువగా చైనా కూలీలు. నైల్స్ అన్న పేరు రైల్వే వకీలు అడిసన్ నైల్స్‌ది.

చార్లీ చాప్లిన్ ఇక్కడ సినిమాలు తీశాడంటారు, నిజమేనా?

నిజం. హాలీవుడ్ ఇంకా పూర్తిగా హాలీవుడ్ కాకముందు ఎస్సనే అనే షికాగో కంపెనీ నైల్స్‌లో స్టూడియో పెట్టింది. కారణం సులువు: లోయ, కొండలు, రైలు, మంచి వెలుతురు, అన్నీ నడక దూరంలో. కౌబాయ్ సినిమాలకి ఇంకేం కావాలి? 1912లో వచ్చిన బ్రాంకో బిల్లీ ఆండర్సన్ కంపెనీలో భాగస్వామి, హీరో, దర్శకుడు కూడా. 1916లో మూసేసేలోపు ఇక్కడ 300కి పైగా చిన్న సినిమాలు తీశారు.

చాప్లిన్ 1915 మొదట్లో వచ్చి ఐదు సినిమాలు తీశాడు. అందులో ఒకటి 'ద ట్రాంప్'. చివర్లో ఆ దిమ్మరి భుజాలు ఎగరేసి దుమ్ము రోడ్డు మీద దూరంగా నడుచుకుంటూ పోయేది నైల్స్ లోయలోనే. ఊరు ఆయనకి నచ్చలేదు. కొన్ని నెలల్లోనే లాస్ ఏంజెలెస్ వెళ్ళిపోయాడు. నైల్స్ మాత్రం ఆయన్ని వదల్లేదు, గోడ మీద బొమ్మల నుంచి దుకాణాల పేర్ల దాకా.

అప్పటి ఎడిసన్ థియేటర్‌లో ఇప్పుడు మూకీ సినిమాల మ్యూజియం నడుస్తోంది. ఎదురుగా పియానో వాయిస్తుండగా పాత మూకీ సినిమా చూడొచ్చు. పిల్లలు మొదటి ఐదు నిమిషాలు గొణిగి, ఆ తర్వాత నవ్వుతారు.

టెస్లా ఫ్యాక్టరీ టెస్లానే కట్టిందా?

కాదు. ఆ కట్టడానికి ఇది మూడో జన్మ.

1960ల మొదట్లో జనరల్ మోటార్స్ దాన్ని కట్టింది. కొత్త నగరానికి పన్నులు, వేల ఉద్యోగాలు తెచ్చింది ఆ ఫ్యాక్టరీయే. ఇరవై ఏళ్ళలో పరువు పోయింది. కార్మికులు పనిలోకి రారు, వచ్చినవాళ్ళు తాగి ఉంటారు, యాజమాన్యానికీ యూనియన్‌కీ ఉప్పూనిప్పూ అన్న పేరు పడింది. 1982లో మూసేశారు.

రెండేళ్ళకి టయోటా వచ్చింది. జనరల్ మోటార్స్‌తో కలిసి నమ్మీ అనే ఉమ్మడి కంపెనీ పెట్టి 1984 చివర్లో కార్ల తయారీ మొదలుపెట్టింది. ఇక్కడ వింత ఏమిటంటే, తీసుకున్న కార్మికుల్లో ఎక్కువమంది పాతవాళ్ళే, యూనియన్ కూడా పాతదే. కొందరిని జపాన్ పంపి పని చూపించి తీసుకొచ్చారు. లైన్ మీద ఏ కార్మికుడికైనా తప్పు కనబడితే తాడు లాగవచ్చు, కావాలంటే లైన్ ఆగిపోతుంది. జనరల్ మోటార్స్ రోజుల్లో లైన్ ఆపడం మహాపరాధం. తప్పు కారు అలాగే చివరిదాకా పోయేది, తర్వాత పెరట్లో విప్పి బాగుచేసేవారు. అదే జనంతో, కొద్దికాలంలోనే జపాన్‌కి దీటైన నాణ్యత వచ్చింది. మేనేజ్‌మెంట్ చదివినవాళ్ళు ఈ కథను కేస్ స్టడీగా వినే ఉంటారు. దాన్ని తన మిగతా ఫ్యాక్టరీలకు తీసుకుపోవడంలో జనరల్ మోటార్స్ చాలా ఏళ్ళు వెనకబడింది, అది వేరే విషాదం. 2009లో దివాలా తీసి భాగస్వామ్యం నుంచి తప్పుకుంది. 2010 ఏప్రిల్ 1న నమ్మీ మూతపడింది. సుమారు 4,700 మంది రోడ్డున పడ్డారు.

రెండు నెలలు తిరక్కుండా టెస్లా ఆ ఫ్యాక్టరీని 4.2 కోట్ల డాలర్లకి కొంటున్నట్టు ప్రకటించింది. ఆ పరిమాణానికి అది కారుచౌక. 2012లో మోడల్ ఎస్ ఇక్కడి నుంచే బయటికి వచ్చింది. కంపెనీ ప్రధాన కార్యాలయం 2021లో టెక్సస్‌కి తరలిపోయింది గానీ ఫ్యాక్టరీ ఇక్కడే ఉంది.

అన్ని కథలూ ఇలా ముగియలేదు. 53.5 కోట్ల డాలర్ల ప్రభుత్వ రుణ హామీతో సోలార్ పలకలు చేసిన సోలిండ్రా కూడా ఫ్రీమాంట్‌దే. 2011లో దివాలా తీసింది. వాషింగ్టన్‌లో ఏళ్ళ తరబడి దాని మీద రభస నడిచింది.

భూకంపాల భయం ఎంత?

ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. హేవర్డ్ ఫాల్ట్ అనే పగులు ఊరి మధ్యగా పోతుంది. 1868 అక్టోబరు 21న అది కదిలినప్పుడు మిషన్ చర్చి కూలింది, వార్మ్ స్ప్రింగ్స్‌లో వేడినీటి బుగ్గల హోటల్ దెబ్బతింది, బే ఏరియాలో సుమారు 30 మంది చనిపోయారు. బార్ట్ స్టేషన్ దగ్గరి మడుగులో కందకాలు తవ్వి మట్టి పొరలు చదివిన శాస్త్రవేత్తలు, గత రెండు వేల ఏళ్ళలో పెద్ద భూకంపాలు సగటున 150, 160 ఏళ్ళకొకటి వచ్చాయని తేల్చారు. 1868కి ఆ లెక్క కలుపుకోండి. 2014 నుంచి 30 ఏళ్ళలో ఈ పగులు వ్యవస్థ మీద 6.7 లేదా అంతకు మించిన భూకంపం రావడానికి మూడింట ఒక వంతు అవకాశం ఉందని అమెరికా భూగర్భ సర్వే అంచనా.

పెద్ద కుదుపు లేని రోజుల్లో కూడా ఈ పగులు ఏటా కొన్ని మిల్లీమీటర్లు జరుగుతూనే ఉంటుంది. కొన్ని వీధుల్లో ఫుట్‌పాత్ అంచు విరిగి పక్కకు తప్పుకుని కనబడుతుంది. పాత సిటీ హాల్ ఈ పగులుకి దగ్గరగా ఉండటంతో ఖాళీ చేసి, 2004లో కూలగొట్టారు.

ఇల్లు కొనేవాళ్ళు అమ్మకం కాగితాల్లో ప్రకృతి ప్రమాదాల నివేదికను చదవాలి. పగులు మండలంలో ఉంటే అందులో రాసి ఉంటుంది. మామూలు ఇంటి బీమాలో భూకంపం చేరదు, వేరే తీసుకోవాలి. వాటర్ హీటర్‌ని గోడకి పట్టీలతో బిగించారా లేదా చూసుకోండి. పూజ గదిలో బరువైన విగ్రహాలు పై అరలో పెట్టకండి.

ఇంతమంది భారతీయులు ఎలా వచ్చారు? తెలుగువాళ్ళ సంగతి?

1965లో అమెరికా వలస చట్టం మారడం మొదటి తలుపు. ఆ తర్వాత దక్షిణ ఫ్రీమాంట్, మిల్పిటస్‌లలో ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ, 1990ల్లో సాఫ్ట్‌వేర్. పాలో ఆల్టో, కూపర్టినో కన్నా ఇళ్ళు అందుబాటులో ఉండేవి కాబట్టి జీతగాళ్ళు వంతెన ఇవతలికి వచ్చారు. 2010 లెక్కల్లో ఆసియా సంతతివాళ్ళు ఊళ్ళో సగం దాటారు. నూటికి 18 మంది భారతీయులు, దాదాపు అంతే చైనీయులు. 2024 నవంబరు ఎన్నికల్లో భారత సంతతికి చెందిన రాజ్ సల్వాన్ మేయరుగా గెలిచారు. ఫ్రీమాంట్‌కి జైపూర్ సోదర నగరం కూడా.

ముందు వచ్చి దారి వేసినవాళ్ళలో సిక్కులున్నారు. కొండ కింద గురుద్వారా ఉన్న వీధి పేరే గురుద్వారా రోడ్. 1979లో సోవియట్ సేనలు కాబూల్‌లో దిగాక వచ్చిన అఫ్ఘాన్‌లు సెంటర్‌విల్ చుట్టూ స్థిరపడ్డారు. ఆ భాగాన్ని లిటిల్ కాబూల్ అంటారు. అక్కడి రొట్టె కోసం మనవాళ్ళు బారులు తీరడం నేను చూశాను. ఒక చర్చి, ఒక మసీదు పక్కపక్కనే స్థలాలు కొని కట్టుకుని, మధ్య దారికి పీస్ టెర్రస్ అని పేరు పెట్టుకున్నాయి.

తెలుగువాళ్ళ విషయానికొస్తే, పక్కనున్న మిల్పిటస్‌లో యూనివర్సిటీ ఆఫ్ సిలికానాంధ్ర ఉంది. దాన్ని పెట్టిన సిలికానాంధ్ర సంస్థే మనబడి తరగతుల ద్వారా పిల్లలకి తెలుగు నేర్పుతోంది. ఫ్రీమాంట్‌లోనే హిందూ దేవాలయం ఉంది. కాస్త పెద్ద గుడి, గోపురం, మన పద్ధతి అర్చన కావాలంటే కొండల అవతల లివర్‌మోర్ శివవిష్ణు ఆలయానికి పోతారు. గోంగూర, మునక్కాడలు, సోనామసూరి బియ్యం గురించి బెంగ పడకండి. సూట్‌కేసులో ఆ బరువు మిగుల్చుకుని ఇంటి ఆవకాయ, సున్నుండలు తెచ్చుకోండి.

ఏ భాగంలో ఇల్లు చూసుకోవాలి?

ఇక్కడ ఐదు ఊళ్ళ సంగతి మళ్ళీ ముందుకొస్తుంది. మిషన్ శాన్ హోసే అనగానే మనవాళ్ళు స్కూలు పేరు చెబుతారు. ఆ వైపు హైస్కూలుకి దేశస్థాయి పేరుంది, ఆ పేరు ఇళ్ళ ధరలో కలిసే ఉంటుంది. వార్మ్ స్ప్రింగ్స్ ఫ్యాక్టరీలకీ శాన్ హోసే ఉద్యోగాలకీ దగ్గర, కొత్త అపార్ట్‌మెంట్లు ఎక్కువ. ఉత్తరాన ఆర్డెన్‌వుడ్ వైపు డంబార్టన్ వంతెన మీద వెళ్ళేవాళ్ళకి వీలు. ఇర్వింగ్టన్, సెంటర్‌విల్‌లలో 1950, 60ల నాటి ఒకటే అంతస్తు ఇళ్ళు, నైల్స్‌లో అంతకన్నా పాతవి.

ఊళ్ళో హైస్కూళ్ళు ఐదు, ఏ ఇంటికి ఏ స్కూలో గీతలు గీసి ఉంటాయి. గీతకి అవతల వీధిలో అదే ఇల్లు లక్షల డాలర్ల తేడాలో పలుకుతుంది. నా అభిప్రాయం అడిగితే, మిగతా నాలుగు స్కూళ్ళ నుంచి కూడా పిల్లలు మంచి కాలేజీలకే పోతున్నారు. అందరూ మొదటి ర్యాంకువాళ్ళే ఉన్న క్లాసులో మీవాడికి నిద్ర పడుతుందా అన్నది ధర కన్నా ముందు వేసుకోవలసిన ప్రశ్న. గీతలు మారుతుంటాయి కూడా, కొనేముందు స్కూలు జిల్లా వెబ్‌సైటులో చిరునామా కొట్టి చూసుకోండి.

కారు లేకుండా కుదురుతుందా?

సగం. బార్ట్ రైలు మొట్టమొదట 1972 సెప్టెంబరులో నడిచింది ఫ్రీమాంట్, ఓక్లండ్‌ల మధ్యే. చాలాకాలం ఇదే చివరి స్టేషను. లేక్ ఎలిజబెత్ కింద సొరంగం వేసి 2017లో వార్మ్ స్ప్రింగ్స్ దాకా, 2020లో మిల్పిటస్, శాన్ హోసే బెరియెస్సా దాకా పొడిగించారు. స్టేషనుకి దగ్గర ఇల్లుంటే శాన్ ఫ్రాన్సిస్కో ఉద్యోగం రైలు మీద హాయిగా సాగుతుంది. కూరగాయలకి, పిల్లల క్లాసులకి మాత్రం కారు కావలసిందే.

అమ్మానాన్నలు ఆరు నెలలకి వస్తున్నారు. పగలు వాళ్ళకి కాలక్షేపం?

లేక్ ఎలిజబెత్. సెంట్రల్ పార్కులో తవ్విన చెరువు, చుట్టూ సుమారు 2 మైళ్ళ చదును దారి. ఉదయం, సాయంత్రం అక్కడ పంచెలు, చీరలు, సల్వార్‌ల మీద స్పోర్ట్స్ షూలు వేసుకున్న పెద్దలు కనబడతారు. తెలుగు వినబడేదాకా నడిస్తే చాలు, స్నేహం దొరుకుతుంది. మా వీధిలో ఒక బాబాయిగారు అక్కడే చీట్లపేక జట్టు కూడగట్టారు. ఆ చెరువు పేరు దక్షిణ ఆస్ట్రేలియాలోని ఎలిజబెత్ అనే సోదర నగరానిది. అక్కడా జనరల్ మోటార్స్ వారి హోల్డెన్ ఫ్యాక్టరీ ఉండేది.

ఆర్డెన్‌వుడ్‌లో పాతకాలపు వ్యవసాయం చూపిస్తారు. పల్లెటూరి తాతయ్యలైతే నాగలి పట్టే పద్ధతి తప్పని వాదించకుండా రారు. నైల్స్ లోయలో వారాంతాల్లో పాత రైలు నడుస్తుంది, కొండల మధ్య చల్లగా ఉంటుంది. శీతాకాలంలో అఖాతం ఒడ్డున డాన్ ఎడ్వర్డ్స్ పక్షుల శరణాలయం బావుంటుంది.

మిషన్ పీక్ కొండ ఎత్తు 2,517 అడుగులు. ఫొటో మోజులో అందరూ ఎక్కేది అదే. నీడ ఉండదు, ఏటవాలు ఎక్కువ. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని తీసుకెళ్ళకండి. కుర్రాళ్ళు కూడా వేసవిలో పదింటికి బయలుదేరి నీళ్ళు చాలక అవస్థ పడుతుంటారు.

ఇంకో మాట. విమానం టికెట్లు శాన్ ఫ్రాన్సిస్కోకే తీయాలని లేదు. ఒక చోట మారి వచ్చేవాళ్ళకి శాన్ హోసే, ఓక్లండ్ విమానాశ్రయాలు దగ్గర.

అమెరికాలో అత్యంత సంతోషంగా ఉన్న నగరం ఇదేనట?

వాలెట్‌హబ్ అనే సంస్థ తన జాబితాలో ఏళ్ళ తరబడి ఫ్రీమాంట్‌కి మొదటి స్థానం ఇస్తూ వచ్చింది. ఆదాయం, విడాకులు, మానసిక ఆరోగ్యం లాంటి అంకెలు కూడి వేసిన లెక్క అది. ఆదాయం ఎక్కువ, విడాకులు తక్కువ ఉన్నచోట ఆ లెక్క అలాగే వస్తుంది. 880 ఫ్రీవే మీద ఉదయం ఎనిమిదింటికి సర్వే చేస్తే వేరే జవాబు వచ్చేది.

ఊళ్ళో దయ్యాల పట్టణం ఉందంటారు?

డ్రాబ్రిడ్జ్. దయ్యాలేమీ లేవు, మనుషులే లేరు. అఖాతపు చిత్తడిలో ఒక దీవి మీద, 1876లో రైలు వంతెన తెరిచే మనిషి కోసం వేసిన గుడిసెతో మొదలైంది. బాతుల వేటగాళ్ళు వచ్చి ఇళ్ళు కట్టుకున్నారు. రోడ్డు లేదు, రైలొక్కటే దారి. చుట్టూ ఊళ్ళు భూగర్భజలం తోడేసేకొద్దీ నేల కుంగింది, మురుగు చేరింది, బాతులు పోయాయి. చివరి నివాసి 1979లో ఖాళీ చేశాడు. ఇళ్ళు బురదలోకి దిగిపోతున్నాయి. ఇప్పుడది పక్షుల శరణాలయం భూమి, అక్కడికి నడిచి వెళ్ళడం నిషేధం. పట్టాల మీద రైళ్ళు తిరుగుతూనే ఉంటాయి, సాహసాలు చేయకండి. ఆ దారిన పోయే రైలెక్కితే కిటికీలోంచి కనబడుతుంది.

చిరునామా రాసేటప్పుడు జాగ్రత్తలేమైనా?

ఫ్రీమాంట్ పేరుతో నెబ్రాస్కాలో, ఒహాయోలో కూడా ఊళ్ళున్నాయి. సియాటిల్‌లో ఒక పేటకీ అదే పేరు. కాబట్టి రాష్ట్రం పేరు, జిప్ కోడ్ తప్పకుండా రాయండి. 94536 అయితే సెంటర్‌విల్, నైల్స్ వైపు, 94538 ఇర్వింగ్టన్, నగరం నడిబొడ్డు, 94539 మిషన్ శాన్ హోసే, వార్మ్ స్ప్రింగ్స్, 94555 ఆర్డెన్‌వుడ్ వైపు. న్యూఅర్క్ కోడ్ 94560. ఇండియా నుంచి పచ్చళ్ళ పార్సిల్ వస్తుంటే ఈ చివరిదాన్ని ఒకసారి సరిచూసుకోండి. వీధి పేరు రెండు ఊళ్ళలోనూ ఒకటే ఉండొచ్చు.